ప్రతి కదలికకూ పరుగెత్తకండి

మీ ల్యాప్‌టాప్‌లో హాయిగా నడిచిన పేజీ కస్టమర్ చేతిలోని మామూలు ఫోన్‌లో మొరాయిస్తుంది. అక్షరం కొట్టాక అది తెర మీదికి రావడానికి ఆలస్యమవుతుంది. వేలితో పైకి తోస్తే పేజీ ఒక క్షణం ఆగి, ఆ తర్వాత ఒక్క ఉదుటున దూకుతుంది. ఫిర్యాదు రాగానే మనం ముందు సర్వర్‌ని అనుమానిస్తాం, తర్వాత నెట్‌వర్క్‌ని, చివరికి కస్టమర్ ఫోన్‌ని. 'నా మెషీన్‌లో బాగానే ఉంది కదా' అన్న మాట మన వృత్తిలో ఎంత పాతదో చెప్పక్కర్లేదు. చాలాసార్లు అసలు దోషి మన కోడ్‌లోనే ఉంటుంది. అది నాలుగు లైన్ల ఈవెంట్ హ్యాండ్లర్. చూస్తే అందులో తప్పేమీ కనిపించదు, ఒకసారి నడిస్తే ఐదారు మిల్లీసెకన్లు తీసుకుంటుంది. చిక్కేమిటంటే, అది ఒకసారి నడిచి ఊరుకునే రకం కాదు.

కోడ్ ఎంత వేగంగా నడుస్తుందో చూసుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఎన్నిసార్లు నడుస్తుందో చూసుకునే అలవాటు మాత్రం తక్కువ. ఈ అధ్యాయంలో ఆ రెండో అలవాటు గురించే మాట్లాడుకుందాం. వాడేవాడు చేసే ప్రతి కదలికనూ మీ యాప్ వినాలి. విన్న ప్రతిదానికీ అప్పటికప్పుడు పని చేయాలన్న నియమం మాత్రం ఎక్కడా లేదు. దేనికి వెంటనే స్పందించాలి, దేన్ని కాసేపు ఆపాలి, దేన్ని వదిలేయాలి అన్నది బ్రౌజర్ తేల్చలేదు. అది తేల్చాల్సింది మీరే.

పదహారు మిల్లీసెకన్ల బడ్జెట్

ఇప్పటికీ చాలా తెరలు సెకనుకు 60 సార్లు బొమ్మను మారుస్తాయి. అంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది సుమారు 16.7 మిల్లీసెకన్లు. 120 హెర్ట్జ్ ఫోన్లలో అది 8.3కి పడిపోతుంది. మీ జావాస్క్రిప్ట్ నడవడం, ఏ ఎలిమెంట్‌కు ఏ స్టైల్ వర్తిస్తుందో లెక్కించడం, ఏది ఎక్కడ ఎంత చోటు ఆక్రమిస్తుందో తేల్చే లేఅవుట్, ఆ పైన పెయింట్ - ఇన్నీ ఆ కాస్త వ్యవధిలోనే జరగాలి. బ్రౌజర్ సొంత పనికి కొంత పోతుంది కనుక, యానిమేషన్ నడుస్తున్నప్పుడు మీ వాటా పది మిల్లీసెకన్లు దాటకుండా చూసుకోమని గూగుల్ క్రోమ్ బృందం 2015లో ఇచ్చిన రెయిల్ నమూనా చెప్పింది. ఇందులో ఎక్కువ భాగం జరిగేది మెయిన్ థ్రెడ్ మీద. అది ఒక్కటే. మీ హ్యాండ్లర్ దాన్ని పట్టుకుని కూర్చుంటే వాడేవాడి తర్వాతి క్లిక్ క్యూలో నిలబడాల్సిందే.

ఆరు మిల్లీసెకన్ల హ్యాండ్లర్ ఒక ఫ్రేములో మూడుసార్లు నడిచిందనుకోండి. పద్దెనిమిది మిల్లీసెకన్లు అయిపోయాయి, బడ్జెట్ దాటింది, ఆ ఫ్రేము పోయింది. అదే హ్యాండ్లర్ చవక ఫోన్‌లో నాలుగు రెట్లు నెమ్మదిగా నడిస్తే ఒక్కసారికే ఇరవై నాలుగు.

ఇక్కడ ఒక పాత నమ్మకాన్ని సరిదిద్దాలి. మౌస్ కదిలినప్పుడు వందల కొద్దీ ఈవెంట్లు మీద పడతాయని ట్యుటోరియళ్లు ఇంకా భయపెడుతుంటాయి. 2017లో వచ్చిన క్రోమ్ 60 నుంచి మౌస్‌మూవ్, పాయింటర్‌మూవ్ వంటివాటిని బ్రౌజరే పోగుచేసి ఫ్రేముకు ఒకసారి అందిస్తోంది. గేమింగ్ మౌస్ సెకనుకు వెయ్యిసార్లు తన స్థానం చెప్పినా మీ హ్యాండ్లర్‌కు అన్నీ చేరవు. అయితే ఈ సాయం అక్కడితోనే ఆగిపోతుంది. కీబోర్డు నుంచి వచ్చే ఇన్‌పుట్ ఈవెంట్లను, వెబ్‌సాకెట్ నుంచి వచ్చే మెసేజ్‌లను మీ కోసం ఎవరూ పోగుచేసి పెట్టరు.

ట్విట్టర్‌కు తగిలిన దెబ్బ

2011 జనవరిలో ట్విట్టర్ పేజీని కిందికి జరపడమే కష్టమైపోయింది. దాని వెనక కథను జేక్వెరీ సృష్టికర్త జాన్ రెసిగ్ అప్పుడే రాశాడు. ట్విట్టర్‌లో కిందికి వెళ్లే కొద్దీ కొత్త ట్వీట్లు వచ్చి చేరాలి కాబట్టి, స్క్రోల్ ఈవెంట్‌కు నేరుగా ఒక హ్యాండ్లర్ తగిలించారు. స్క్రోల్ జరిగిన ప్రతిసారీ ఆ హ్యాండ్లర్ పేజీలో కొన్ని ఎలిమెంట్లను మళ్లీ మళ్లీ వెతికేది. జేక్వెరీ 1.4.2 నుంచి 1.4.4కి మారగానే ఆ రకం వెతుకులాట నెమ్మదించింది. పేజీ కూలబడింది. చివరికి పాత వెర్షన్‌కే తిరిగి వెళ్లి ఊపిరి పీల్చుకున్నారు.

తప్పు లైబ్రరీదేనని తీర్పు ఇచ్చేయడం సులువు. అదే వెతుకులాట బటన్ క్లిక్‌లో ఉండి ఉంటే ఆ మార్పును ఎవరూ పసిగట్టేవారు కాదు. చిన్న ఖర్చు పెద్ద అంకెతో గుణించే చోట కూర్చుంది కనుకే కాస్త తేడా కొంప ముంచింది. రెసిగ్ ఇచ్చిన సలహా సాదాసీదాగా ఉంటుంది: స్క్రోల్ హ్యాండ్లర్‌లో 'జరిగింది' అని ఒక జెండా మాత్రం ఎగరేయండి, అసలు పని 250 మిల్లీసెకన్లకు ఒకసారి ఆ జెండా చూసి చేయండి, వెతికి పట్టుకున్న ఎలిమెంట్లను మళ్లీ వెతక్కుండా దాచుకోండి.

ఈ రోజు ఆ పనికి స్క్రోల్ ఈవెంట్ అవసరమే లేదు. 2016లో క్రోమ్ 51తో వచ్చిన ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్‌కు 'ఈ ఎలిమెంట్ తెర మీదికి వచ్చినప్పుడు చెప్పు' అని అప్పగిస్తే చాలు. పేజీ అడుగున కొత్త జాబితా తెచ్చుకోవడానికీ, బొమ్మలు అవసరమైనప్పుడే లోడ్ చేయడానికీ ఇంకా స్క్రోల్‌ని నమ్ముకున్న కోడ్ కనబడితే ముందు దాన్నే మార్చండి. టచ్ ఈవెంట్ల సంగతి ఇంకొంచెం వేరు. మీ హ్యాండ్లర్ స్క్రోల్‌ని ఆపేస్తుందేమోనని బ్రౌజర్ అది పూర్తయ్యేదాకా ఎదురుచూస్తుంది. ఆపే ఉద్దేశం లేకపోతే లిజనర్‌ని 'పాసివ్' అని ప్రకటించండి, వేలి వెంటే పేజీ కదులుతుంది.

సెర్చ్ బాక్సు: అసలు పాఠం ఇక్కడే

ఒక తెలుగు పుస్తకాల అంగడి వెబ్‌సైటు అనుకుందాం. వాడేవాడు 'కృష్ణా' అని వెతుకుతున్నాడు. మనకు కనిపించేవి రెండు అక్షరాలే. యూనికోడ్‌లో అవి ఆరు: క, ఋత్వం, ష, పొల్లు, ణ, దీర్ఘం. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద ఒక్కోటీ కొడుతుంటే ఇన్‌పుట్ ఈవెంట్ ఆరుసార్లు వస్తుంది. ప్రతిసారీ సర్వర్‌కు రిక్వెస్ట్ పంపితే ఆరు రిక్వెస్టులు, ఆరుసార్లు జాబితా గీయడం. మధ్యలో 'కృష్' అని పొల్లుతో ఆగిన ముక్కకు కూడా సర్వర్ పాపం ఏవో ఫలితాలు వెతికి తెస్తుంది. ఆరింట్లో ఐదు ఎవరికీ అక్కరలేనివి.

ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగుగా మార్చే కీబోర్డులతో ఇంకో చిక్కు. మాట పూర్తయ్యే లోపు బాక్సులో తాత్కాలిక రూపాలు వచ్చి పోతుంటాయి. ఆ దశను బ్రౌజర్ కంపోజిషన్ అంటుంది, ఈవెంట్‌లోని ఈజ్‌కంపోజింగ్ అన్న గుర్తుతో మీకు తెలియజేస్తుంది. అది ముగిసేదాకా ఆగితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కొన్ని ఆండ్రాయిడ్ కీబోర్డులు స్పేస్ నొక్కేదాకా కంపోజిషన్‌ని ముగించవు. వాడేవాడు ఒక్క మాట కొట్టి, స్పేస్ నొక్కకుండా ఫలితాల కోసం చూస్తూ కూర్చుంటాడు, మీ కోడ్ వాడి స్పేస్ కోసం చూస్తూ కూర్చుంటుంది. అందుకని ఆ గుర్తును ఒక్కదాన్నే నమ్ముకోకండి. కంపోజిషన్ ముగిస్తే వెంటనే, ముగియకపోయినా చేతులు ఆగిన కాసేపటికి వెతకండి.

చేతులు ఆగేదాకా ఆగడాన్నే డిబౌన్స్ అంటున్నాం. సెర్చ్‌కు 250 నుంచి 300 మిల్లీసెకన్లు మామూలుగా పెట్టే విలువ. ఎందుకు చెల్లుతుందో తెలుసుకుంటే ఎక్కడ చెల్లదో కూడా తెలుస్తుంది. యూజబిలిటీ నిపుణుడు యాకబ్ నీల్సన్ 1993లో తన పుస్తకంలో మూడు హద్దులు చెప్పాడు. పదో వంతు సెకను లోపు స్పందిస్తే 'వెంటనే జరిగింది' అనిపిస్తుంది. ఒక సెకను లోపైతే ఆలస్యం తెలుస్తుంది గాని ఆలోచన తెగదు. పది సెకన్లు దాటితే మనిషి ధ్యాస ఇంకెక్కడికో పోతుంది. సెర్చ్ బాక్సులో ఈ మొదటి రెండు హద్దులూ ఒకేసారి పనిచేస్తున్నాయి. కొట్టిన అక్షరం కనిపించడానికి పదో వంతు సెకను, ఫలితాలు రావడానికి ఒక సెకను. రెండోదాన్ని ఆపవచ్చు, మొదటిదాన్ని ముట్టుకోకూడదు. రియాక్ట్ రాసేవాళ్లలో కొందరు బాక్సులోని విలువనే డిబౌన్స్ చేసేస్తారు. అప్పుడు అక్షరాలే ఆలస్యంగా కనిపిస్తాయి, రోగం కన్నా మందు చేదవుతుంది. 2022 మార్చిలో వచ్చిన రియాక్ట్ 18 ఈ రెంటినీ విడదీయడానికి స్టార్ట్‌ట్రాన్సిషన్, యూజ్‌డిఫర్డ్‌వాల్యూ ఇచ్చింది. బరువైన జాబితాను వెనక్కి జరిపి అక్షరానికి ముందు దారి ఇవ్వడానికి అవి బాగుంటాయి. అవి నెట్‌వర్క్ రిక్వెస్టుల సంఖ్యను తగ్గించవు. దానికి డిబౌన్సే కావాలి.

ఇంకో మాట. ముందు పంపిన రిక్వెస్టుకు జవాబు తర్వాత రావచ్చు. 'కృష్ణా' ఫలితాల మీదికి 'కృ' ఫలితాలు వచ్చి కూర్చుంటాయి. కొత్తది పంపేముందు పాతదాన్ని అబార్ట్ కంట్రోలర్‌తో రద్దు చేయండి.

ప్రతి అక్షరానికీ ఫలితాలు చూపడం గూగుల్ వంటి సంస్థకైనా శాశ్వతంగా నిలవలేదు. 2010 సెప్టెంబర్‌లో ఆర్భాటంగా మొదలైన గూగుల్ ఇన్‌స్టంట్, కొడుతుండగానే మొత్తం ఫలితాల పేజీనే మార్చేసేది. మొబైల్ వాడకం పెరిగాక 2017 జూలైలో దాన్ని తీసేశారు. కింద సూచనలు చూపడం మాత్రం ఉంచుకున్నారు.

గడియారం చూడని ఉపాయం

డిబౌన్స్‌కు ఉన్న లోటు ఏమిటంటే అది గడియారాన్ని చూస్తుంది గాని అవతలి పరిస్థితిని చూడదు. ఫైబర్ ఉన్నవాడికీ, సిగ్నల్ ఒక గీతే ఉన్నవాడికీ అదే 300 మిల్లీసెకన్లు. దీనికి నలభై ఏళ్ల కిందటే ఒక అందమైన జవాబు దొరికింది. ఫోర్డ్ ఏరోస్పేస్‌లో పనిచేసిన జాన్ నేగుల్, 1984 జనవరిలో ఆర్‌ఎఫ్‌సి 896గా వెలువడిన పత్రంలో చిన్న ప్యాకెట్ల సమస్యను వివరించాడు. టెర్మినల్ మీద ఒక కీ నొక్కితే వెళ్లాల్సిన సమాచారం ఒక్క బైటు, దాన్ని మోసే హెడర్లు నలభై బైట్లు. ప్రతి కీకి ఒక ప్యాకెట్ పంపితే నెట్‌వర్క్ నిండా హెడర్లే. ఎంతసేపు ఆగాలో టైమర్ పెట్టి చెప్పడం ఆయనకు నచ్చలేదు. పంపినదానికి అందిందన్న కబురు వచ్చేదాకా కొత్త చిన్న ముక్కలను పోగుచేయండి, కబురు రాగానే అన్నీ కలిపి పంపండి అన్నాడు. లైను వేగంగా ఉంటే కబురు త్వరగా వస్తుంది కాబట్టి ఆలస్యమే ఉండదు. నెమ్మదిగా ఉంటే దానంతట అదే ఎక్కువ పోగవుతుంది.

మీ యాప్‌లో ఆటోసేవ్ ఉంటే ఈ ఉపాయాన్ని నేరుగా ఎత్తుకోండి. ఒక సేవ్ దారిలో ఉండగా రెండోది పంపకండి, 'మారింది' అని మాత్రం గుర్తు పెట్టుకోండి. మొదటిది తిరిగి రాగానే తాజా ప్రతి ఒక్కటి పంపండి. ఇది టైమర్ల కన్నా నమ్మకమైన పద్ధతి అన్నది నా అభిప్రాయం. ఆటోసేవ్‌లో ఇంకో పొరపాటు తరచూ కనిపిస్తుంది: ప్రతి కీకీ మొత్తం డాక్యుమెంటును జేసన్‌గా మార్చి లోకల్‌స్టోరేజ్‌లో రాయడం. ఆ రాయడం పూర్తయ్యేదాకా మెయిన్ థ్రెడ్ కదలదు. డాక్యుమెంటు పెరిగే కొద్దీ టైపింగ్ నెమ్మదిస్తుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

చూసే కన్ను ఒకటే

క్రికెట్ స్కోరు, షేర్ల ధరలు, క్యాబ్ ఎక్కడుందో చూపే మ్యాపు - ఇవన్నీ సర్వర్ తోసే అప్‌డేట్లు. యాభై షేర్ల పట్టిక తీసుకోండి. ఒక్కోదాని ధర సెకనుకు కొన్నిసార్లు మారినా వందల మెసేజ్‌లు వచ్చిపడతాయి. ప్రతి మెసేజ్‌కూ స్టేట్ మార్చి పట్టిక మొత్తం మళ్లీ గీయించే కోడ్ ఎన్నో డ్యాష్‌బోర్డుల్లో కనిపిస్తుంది. సెకనుకు పదిసార్లు మారే అంకెను చదవగల మనిషి లేడు.

ఇక్కడ థ్రాటిల్ పనికొస్తుంది. చెయ్యెత్తిన ప్రతిచోటా ఆగే పల్లెవెలుగు బస్సుగా ఉన్న కోడ్‌ని స్టేజీల్లోనే ఆగే ఎక్స్‌ప్రెస్‌గా మార్చడం అది. వచ్చిన మెసేజ్‌ని తెర మీదికి తోయకుండా, షేరు పేరు తాళంచెవిగా ఒక మ్యాప్‌లో వేయండి. అదే షేరుకు కొత్త ధర వస్తే పాతది చెరిగిపోతుంది. సెకనుకు నాలుగుసార్లు ఆ మ్యాప్‌లో మారినవాటిని మాత్రం గీయండి. కదిలే బొమ్మల విషయంలో అయితే రిక్వెస్ట్ యానిమేషన్ ఫ్రేమ్ వాడి ఫ్రేముకు ఒకసారి.

వరసగా జాబితాలో పేర్చుకోకుండా మ్యాప్‌లో వేయమనడానికి ఇంకో కారణం ఉంది. వాడేవాడు వేరే ట్యాబ్‌కు వెళ్లినప్పుడు రిక్వెస్ట్ యానిమేషన్ ఫ్రేమ్ ఆగిపోతుంది, వెబ్‌సాకెట్ మాత్రం ఆగదు. మెసేజ్‌లు వరసలో పేరుకుపోతే, అరగంట తర్వాత తిరిగి వచ్చేసరికి అవన్నీ ఒకేసారి గీయబోయి పేజీ బిగుసుకుపోతుంది. మ్యాప్‌లో అయితే షేరుకు ఒక్క విలువే మిగులుతుంది.

గీయడంలోనూ ఒక దొంగ ఖర్చుంది. ఒక వరుస ఎత్తు చదివి, దాని స్టైల్ మార్చి, వెంటనే రెండో వరుస ఎత్తు చదివితే, బ్రౌజర్ అప్పటిదాకా వాయిదా వేసిన లేఅవుట్‌ని అక్కడికక్కడే పూర్తి చేసి జవాబు చెప్పాలి. వంద వరుసలకు ఇలా చేస్తే వంద లేఅవుట్లు. ముందు అన్ని ఎత్తులూ చదివేసి, తర్వాత అన్ని మార్పులూ రాయండి, ఒక్క లేఅవుట్‌తో పోతుంది. జరపాల్సిన వస్తువును టాప్, లెఫ్ట్ మార్చి జరపకుండా ట్రాన్స్‌ఫామ్‌తో జరపండి, లేఅవుట్ జోలికే పోనక్కర్లేదు.

ఎక్కడ తగ్గించకూడదు

డిబౌన్స్ రుచి తెలిసినవాళ్లు దాన్ని ప్రతి హ్యాండ్లర్ మీదా చల్లేస్తారు. కోడ్ రివ్యూలో 'ఒక 300 పెట్టెయ్' అనడం అలవాటైపోతుంది. అప్పుడు యాప్ మొరాయించదు గాని బద్ధకంగా అనిపిస్తుంది. మెనూ తెరవడం, చెక్‌బాక్సు టిక్ చేయడం వంటివి ఆపాల్సిన పనులు కావు. బొమ్మలు గీసే యాప్‌లో వేలి దారిలోని ప్రతి బిందువూ కావాలి. బ్రౌజర్ పోగుచేసిన బిందువులను గెట్ కోలెస్డ్ ఈవెంట్స్‌తో తిరిగి తీసుకోకపోతే గుండ్రని సున్నా పలకలు తేలుతుంది. చెల్లింపు బటన్ రెండుసార్లు నొక్కకుండా థ్రాటిల్ పెట్టి నిశ్చింతగా ఉండకండి. ఒకే ఆర్డరుకు రెండుసార్లు డబ్బు పోకుండా చూడాల్సింది సర్వర్.

తగ్గించిన చోట చివరి ఈవెంట్‌ని పోగొట్టుకోకండి. థ్రాటిల్ చివరిదాన్ని వదిలేస్తే స్లైడర్ 98 చూపిస్తుంది, మీ దగ్గర 95 నిలిచిపోతుంది. పేజీ కనుమరుగయ్యేటప్పుడు డిబౌన్స్‌లో వేచి ఉన్న పనిని అప్పటికప్పుడు పూర్తి చేయించండి, లేకపోతే చివరి వాక్యం సేవ్ కాకుండా పోతుంది. రియాక్ట్‌లో డిబౌన్స్ చేసిన ఫంక్షన్‌ని కాంపొనెంట్ లోపల ఊరికే తయారు చేస్తే ప్రతి రెండర్‌కూ కొత్త టైమర్ పుడుతుంది. డిబౌన్స్ పెట్టినట్టే ఉంటుంది, ఒక్క రిక్వెస్టూ తగ్గదు.

కొలత లేకుండా ఇవేవీ మొదలుపెట్టకండి. గూగుల్ 2024 మార్చి 12 నుంచి కోర్ వెబ్ వైటల్స్‌లో ఐఎన్‌పి అనే కొలతను చేర్చింది. క్లిక్, ట్యాప్, కీ - వీటిలో దేని తర్వాతైనా తెర మారడానికి ఎంతసేపు పట్టిందో అది చూస్తుంది. 200 మిల్లీసెకన్ల లోపైతే బాగున్నట్టు, 500 దాటితే బాగోలేనట్టు. లెక్క తీసేది నూటికి డెబ్బై అయిదు సందర్భాలు ఏ విలువ లోపు ఉన్నాయో చూసి. మీ ఖరీదైన ల్యాప్‌టాప్ మీద వచ్చిన అంకెతో ఆ లెక్కకు సంబంధం ఉండదు. క్రోమ్ డెవ్‌టూల్స్‌లో పర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి సీపీయూని నాలుగు రెట్లు నెమ్మది చేసి రికార్డ్ చేయండి. 50 మిల్లీసెకన్లు దాటిన పనుల మీద ఎర్ర గుర్తు కనిపిస్తుంది. ఏ హ్యాండ్లర్ కింద ఆ ఎరుపు ఉందో అక్కడే చదవొచ్చు.

రేపు పని మొదలుపెట్టగానే మీ ప్రాజెక్టులో స్క్రోల్, ఇన్‌పుట్, రీసైజ్, మెసేజ్ ఈవెంట్ల హ్యాండ్లర్లు వెతికి, ఒక్కోదానిలో ఒక కౌంటర్ పెట్టండి. మామూలు కస్టమర్ వాడినట్టు ఒక నిమిషం పేజీని వాడండి. కౌంటర్ అంకెను ఒక్కసారికి పట్టే మిల్లీసెకన్లతో గుణించండి. ఏ హ్యాండ్లర్‌కు ఆ లబ్ధం పెద్దదో దాన్ని బాగుచేయండి. మిగతావాటి జోలికి ఇప్పుడే పోకండి.